శుభలేఖ ముక్కతో కొలిచిన నిప్పురవ్వ

వనపర్తిలో ఒక పాత మెకానిక్ షెడ్డు. రేకుల కప్పు కింద స్టూలు మీద కూర్చున్న ఉస్తాద్ చొక్కా జేబులోంచి పెళ్లి శుభలేఖ ముక్క ఒకటి తీశాడు. అంచులు అరిగిపోయి, గ్రీజు పట్టి, అక్షరాలు మాసిపోయిన ముక్క. యెజ్డీ ఇంజన్ కుడిపక్క మూత అప్పటికే విప్పి ఉంది. లోపల రెండు చిన్న లోహపు బొడిపెలు ఎదురెదురుగా ఉంటాయి. మెకానిక్కులు వాటిని ప్లాటినం పాయింట్లు అంటారు. ఉస్తాద్ ఆ బొడిపెల మధ్య శుభలేఖ ముక్కను దూర్చి, రెండు వేళ్లతో మెల్లగా లాగాడు. కొద్దిగా పట్టి, కొద్దిగా జారింది.

"సాలు బిడ్డా. ఇగ నిప్పు పడతది."

సాయంత్రం అదే ముక్కను అడిగి తీసుకెళ్లి, దగ్గర్లోని లేత్ షాపులో మైక్రోమీటర్‌తో కొలిపించాను. 0.4 మిల్లీమీటర్లు. ఆ బండికి పాయింట్ల మధ్య ఉండాల్సిన ఎడం సరిగ్గా అంతే. ఆయన ఏ మాన్యువలూ చదవలేదు. నలభై ఏళ్లుగా ఆ కొలత ఆయన వేళ్లలో ఉంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో పాత టూ-స్ట్రోక్ బండ్లను వెతికి, బాగుచేసి, మళ్లీ రోడ్డెక్కించాలన్న కోరిక ఈమధ్య చాలామందిలో కనిపిస్తోంది. ఆ పనిలో చెయ్యి పెట్టాలనుకునేవాళ్ల కోసం ఈ వ్యాసం. బండి పైరూపం కన్నా ముందు దాని గుండె ఎట్లా కొట్టుకుంటుందో తెలిస్తే, మిగతా పని చాలావరకు దానంతటదే అర్థమవుతుంది.

కొట్టంలో దొరికిన ఇనుము

మా యెజ్డీ దొరికింది నడిగడ్డలో. కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య నేలకు గద్వాల జనం పెట్టుకున్న పేరు అది. ఒక రిటైర్డ్ టీచరుగారి ఇంటి పశువుల కొట్టంలో, పాత తాడిపత్రి కింద, పత్తి కట్టె మోపుల వెనక నిలబడి ఉంది. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. సీటు కింద స్పాంజిలో ఎలుకలు గూడు కట్టాయి. నంబరు ప్లేటు మీద ఏపీ 22 కంటే ముందటి మూడక్షరాల నంబరు ఇంకా కనబడుతోంది.

ఆ రోజుల్లో ఇట్లాంటి బండ్లు ఎవరి దగ్గర ఉండేవో గుర్తుచేసుకుంటే, ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. టీచర్లు, కాంపౌండర్లు, విత్తన పత్తి ఆర్గనైజర్లు, ప్రాజెక్టు పనుల మీద తిరిగిన ఓవర్‌సీర్లు, పాలక్యాన్లు వేలాడదీసుకుని పొద్దున్నే టౌనుకొచ్చే పాలవాళ్లు. యెజ్డీకి ముందు జావా. చెకోస్లొవేకియా కంపెనీ లైసెన్సుతో మైసూరులోని ఐడియల్ జావా 1961 నుంచి ఈ బండ్లు తయారుచేసింది. తర్వాత వాటికే యెజ్డీ అని పేరు పెట్టింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. పాలవాళ్ల రాజ్‌దూత్ పోలండ్ నమూనా. ఎస్కార్ట్స్ కంపెనీ దాన్ని ఫరీదాబాద్‌లో తయారుచేసింది. 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. దాని సద్దు విని బండి పేరు చెప్పే పిల్లలు పాలమూరు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. మైలేజీ బాగా ఇచ్చే ఫోర్-స్ట్రోక్ బండ్లు వచ్చాక ఇవన్నీ కొట్టాల్లోకి చేరాయి.

కొట్టంలో ముప్పై ఏళ్లు పడి ఉన్నా ఇవి మట్టిలో కలిసిపోకపోవడానికి మన వాతావరణమే కారణం. ఇనుముకు సిలుము పట్టాలంటే ఆక్సిజన్ ఒక్కటే చాలదు, తడి కూడా కావాలి. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటినప్పుడు ఇనుము మీద కంటికి కనబడని నీటిపొర ఏర్పడుతుంది. ఆ పొరలోనే సిలుము రసాయనం నడుస్తుంది. సముద్రతీరంలో ఆ పొర ఏడాది పొడుగునా ఉంటుంది, దానికి ఉప్పు తోడవుతుంది. మన దగ్గర వానాకాలం పోతే నెలల తరబడి గాలి పొడిగా ఉంటుంది. అందుకే పాలమూరు బండికి సిలుము పైపైనే ఉంటుంది, చాలాసార్లు చాసిస్ గట్టిగానే మిగులుతుంది.

ఈ నేలకు వేరే శత్రువు ఉంది, దుమ్ము. చెల్క భూముల ఎర్రదుమ్ములో ఉండేది ఎక్కువగా క్వార్ట్జ్, అంటే సిలికా. గట్టిదనం కొలిచే మోహ్స్ స్కేలు మీద దాని స్థానం 7. సిలిండర్ తయారుచేసే పోత ఇనుము దానికన్నా మెత్తన. ఎయిర్ ఫిల్టర్ లేకుండా పదేళ్లు తిరిగిన బండి సిలిండర్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తే, నిలువునా సన్నటి గీతలు కనబడతాయి. రవ్వంత దుమ్ము గింజలు గీసిన గీతలవి.

కొనేముందు నాలుగు సంగతులు చూడాలి. ఆర్‌సీ కాగితం ఉందా, అందులోని ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు బండి మీదవాటితో కలుస్తున్నాయా. టాంకులో టార్చి వేసి చూస్తే అడుగు కనబడుతోందా. ఆ మోడల్‌కే ప్రత్యేకమైన హెడ్‌లైటు గిన్నె, ఇగ్నిషన్ స్విచ్చు, సైడు పెట్టెలు ఉన్నాయా. కిక్కు కదులుతోందా. చివరిది కదలకపోయినా భయపడనక్కర్లేదు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో డీజిల్ పోసి నాలుగైదు రోజులు వదిలేస్తే, జామైన పిస్టన్ చాలాసార్లు మెత్తగా కదులుతుంది. బలవంతంగా కిక్కు కొడితే మాత్రం రింగులు విరుగుతాయి. కాగితాలు లేని బండి ఎంత అందంగా ఉన్నా దాని జోలికి పోకపోవడమే మంచిది.

కదిలేవి మూడే

ఇంజన్ విప్పినప్పుడు కొత్తవాళ్లు ఆశ్చర్యపోయే సంగతి ఒకటుంది. అందులో కదిలే ముఖ్య భాగాలు మూడే: పిస్టన్, కనెక్టింగ్ రాడ్, క్రాంక్. వాల్వులు లేవు, కామ్ లేదు, టైమింగ్ చైను లేదు.

మరి గాలీ పెట్రోలూ లోపలికి ఎట్లా వస్తాయి, పొగ ఎట్లా పోతుంది? పిస్టనే తలుపులు తెరిచి మూస్తుంది. సిలిండర్ గోడకు కిటికీల్లాంటి రంధ్రాలుంటాయి. పిస్టన్ పైకి పోతున్నప్పుడు తన తలపైనున్న మిశ్రమాన్ని నొక్కుతుంది. అదే సమయంలో దాని కాళ్ల కింద, క్రాంక్ ఉన్న గదిలో, ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీ కార్బురేటర్ నుంచి కొత్త మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. పైన నిప్పు పడి పేలుడు జరగగానే పిస్టన్ కిందికి దూసుకొస్తుంది. దారిలో ముందు ఎగ్జాస్ట్ కిటికీ తెరుచుకుని పొగ బయటికి పోతుంది. ఇంకొంచెం దిగగానే పక్కదారులు తెరుచుకుంటాయి. కింది గదిలో నొక్కుకుపోయిన కొత్త మిశ్రమం వాటిగుండా పైకి ఎగజిమ్మి, మిగిలిన పొగను నెట్టేస్తుంది. క్రాంక్ ఒక్క చుట్టు తిరిగేసరికి పని మొత్తం అయిపోతుంది. ఫోర్-స్ట్రోక్ ఇంజన్‌కు ఇదే పనికి రెండు చుట్లు కావాలి.

క్రాంక్ గదినే పంపుగా వాడుకునే ఈ ఉపాయం 1890ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లో జోసెఫ్ డే వర్క్‌షాపులో రూపుదిద్దుకుంది. కొత్త మిశ్రమం నేరుగా పొగదారి వెంట పారిపోకుండా, సిలిండర్‌లో ఒక సుడి తిరిగి వచ్చేటట్టు దారులు మలచినవాడు 1920ల్లో జర్మన్ ఇంజనీరు అడాల్ఫ్ ష్నూర్లే. 1950ల్లో తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ సైలెన్సర్ మీద దృష్టి పెట్టాడు. పొగతోపాటు ఒక ఒత్తిడి అల కూడా గొట్టంలో ప్రయాణిస్తుంది. గొట్టం ఆకారాన్ని సరిగ్గా మలిస్తే ఆ అల చివరిదాకా పోయి, తిరిగొచ్చి, పారిపోబోతున్న కొత్త మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. 1961లో ఆ కంపెనీ రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం వదిలి పారిపోయి జపాన్ సుజుకీలో చేరాడు. ఆయనతోపాటు ఆ విద్య కూడా పోయింది. మరుసటి ఏడాది 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీదే. జపాన్ టూ-స్ట్రోక్ బండ్ల జోరు వెనక ఈ కథ ఉంది.

మన షెడ్డులో దీని ఫలితం తేలిగ్గా చూడొచ్చు. సైలెన్సర్‌లో నల్లటి మసి గడ్డకట్టి దారి మూసుకుపోతే, అల తప్పిపోతుంది, బండి లాగదు. మసి కాల్చి, గీకి తీసేస్తే పాత బలం చాలావరకు తిరిగొస్తుంది. యెజ్డీకి ఒకటే సిలిండర్ అయినా, ఎగ్జాస్ట్ కిటికీలు రెండు, సైలెన్సర్లు రెండు. శుభ్రం చేయడమూ రెండుసార్లే.

మూడింట్లో ఒకటి అబద్ధమాడుతుంది

"నిప్పు, గాలి, పెట్రోలు. మూడుంటే బండి లేవాలె. లేస్తలేదంటే మూడిట్ల ఒకటి అబద్ధమాడుతున్నట్టు" అని ఉస్తాద్ మాట. ఆయన వరుస కూడా అదే: ముందు నిప్పు, తర్వాత గాలి, ఆఖరున పెట్రోలు.

నిప్పు సంగతి చూద్దాం. ఈ పాత యెజ్డీల్లో ఉన్నది 6 వోల్టుల బ్యాటరీ. ప్లగ్గు దగ్గర నిప్పు ఎగరాలంటే వేల వోల్టులు కావాలి. ఆ పని చేసేది ఇగ్నిషన్ కాయిల్. అందులో లావుపాటి తీగ చుట్లు కొన్ని, సన్నటి తీగ చుట్లు వేలల్లో ఉంటాయి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు లావు తీగలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం నిలబడుతుంది. పాయింట్లు విడిపోయిన క్షణాన ఆ క్షేత్రం కుప్పకూలుతుంది. మారుతున్న అయస్కాంత క్షేత్రం తీగలో విద్యుత్తు పుట్టిస్తుందని 1831లో ఫారడే చూపించాడు. ఇక్కడ జరిగేదీ అదే. సన్నటి తీగలో ఒక్కసారిగా వేల వోల్టులు లేచి ప్లగ్గు కొస మీద నిప్పై దూకుతాయి. పక్కనున్న చిన్న డబ్బా కండెన్సర్ పాయింట్ల మధ్యే నిప్పు పుట్టి వాటిని కాల్చేయకుండా కాపాడుతుంది.

ఇంజన్ నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు దాదాపు 67 సార్లు ఇది జరగాలి. ఒక్కో చుట్టుకు దొరికే సమయం 15 మిల్లీ సెకన్లు. పాయింట్ల ఎడం పెరిగితే అవి ముందే విడిపోయి నిప్పు ముందే పడుతుంది. ఇంజన్ వేడెక్కి టకటకమని కొట్టుకుంటుంది. ఎడం తగ్గితే నిప్పు ఆలస్యమై బలం పోతుంది. శుభలేఖ ముక్క మందం ఇంత విలువైనది కావడానికి కారణం ఇదే.

ఇక గాలి. క్రాంక్ గదే పంపు అని చెప్పుకున్నాం. పంపుకు చిల్లు ఉండకూడదు. క్రాంక్ రెండు కొసల దగ్గర రబ్బరు సీళ్లు ఆ గదిని మూసి ఉంచుతాయి. ముప్పై ఎండాకాలాలు చూసిన రబ్బరు ఎండిన రొట్టెలా గట్టిపడుతుంది. డైనమో వైపు సీలు పోతే పక్కనుంచి గాలి దూరి, మిశ్రమం పలచబడి, పిస్టన్ కాలిపోతుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్‌ను ఇంజన్ తాగేస్తుంది. తెల్లపొగ ఆగకుండా వస్తూ, గేరుబాక్సులో ఆయిల్ తగ్గుతుంటే జబ్బు అదే. పెయింటుకు, క్రోమియానికి వేలు పోసి, వందల్లో దొరికే ఈ సీళ్లు మార్చకుండా వదిలేసిన బండ్లు మొదటి వేసవిలోనే జామవుతాయి.

గాలి సంగతిలోనే సిలిండర్ కూడా వస్తుంది. గీతలు పడిన సిలిండర్‌ను లేత్ షాపులో బోర్ చేయించి, దానికి తగ్గ పెద్ద సైజు పిస్టన్ వేస్తారు. యెజ్డీ అసలు బోరు 65 మిల్లీమీటర్లు. పెద్ద సైజు పిస్టన్లు పావు మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ దొరుకుతాయి. ఎంత తక్కువ కోస్తే ఇంజన్ ఆయుష్షులో అంత మిగిలినట్టు.

మూడోది పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. పాత బండికి ఇది రెండు చిక్కులు తెస్తుంది. ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఉండడం వల్ల, అది మండడానికి గాలి తక్కువ సరిపోతుంది. శుద్ధ పెట్రోలుకు అమర్చిన జెట్‌తో (కార్బురేటర్‌లో పెట్రోలు దూరే సన్నటి రంధ్రం) నడిపితే మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది. కార్బురేటర్‌లో ఒక సైజు పెద్ద జెట్ వేసి, ప్లగ్గు రంగు చూసుకోవాలి. ప్లగ్గు కొస ఇటుకపొడి రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు, సున్నంలా తెల్లబడితే ప్రమాదం. రెండో చిక్కు నీళ్లు. ఇథనాల్ గాలిలోని తేమను పట్టుకుంటుంది, నెలల తరబడి కదలని టాంకులో ఆ నీళ్లు అడుక్కు చేరతాయి, లోపల సిలుము మొదలవుతుంది. పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి. అందుకే పైపులు మార్చాలి, బండి చాలాకాలం నిలబెట్టేటప్పుడు టాంకు, కార్బురేటర్ ఖాళీ చేయాలి. ఇప్పటికే సిలుము పట్టిన టాంకులో గుప్పెడు నట్లు, నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లు పోసి బాగా ఊపి, ఒకరోజు ఉంచితే సిట్రిక్ ఆమ్లం సిలుమును కరిగిస్తుంది. తర్వాత సోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి.

మంచులో ఉన్న చుట్టాలు

ఇదే ఇంజన్ కుటుంబం భూగోళం అవతలి వైపు మరో రూపంలో బతుకుతోంది. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, వాటి మధ్య టూ-స్ట్రోక్ ఇంజన్. అదే స్నోమొబైల్. కెనడాలోని క్యూబెక్‌లో, వాల్‌కోర్ట్ అనే ఊళ్లో జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో, మంచుతో దారులు మూసుకుపోయి ఆసుపత్రికి తీసుకెళ్లలేక, ఆయన చిన్న కొడుకు అపెండిక్స్ జబ్బుతో చనిపోయాడు. మూడేళ్లకు, 1937లో, ఏడుగురు ఎక్కగల మంచు వాహనం తయారుచేశాడు. 1959లో ఒకరిద్దరికి సరిపోయే చిన్న బండి స్కీ-డూ తెచ్చాడు. కొద్ది ఏళ్లకే అందులో ఆస్ట్రియాకు చెందిన రోటాక్స్ టూ-స్ట్రోక్ ఇంజన్లు స్థిరపడ్డాయి. బరువు తక్కువ, బలం ఎక్కువ, గడ్డకట్టే చలిలో చిక్కబడిపోయే ఆయిల్ సంపు ఉండదు. మంచులో పనికి అంతకన్నా ఏం కావాలి? దాని గేర్లు లేని బెల్టు-పుల్లీ పద్ధతి మనకు కొత్తది కాదు. 1980ల్లో వచ్చిన కైనెటిక్ హోండాలోనూ అదే ఉండేది.

అమెరికాలోని మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో ఇప్పుడు పాత స్నోమొబైళ్లను కొట్టాల్లోంచి బయటికి తీసి బాగుచేస్తున్నారు. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్లలో ఎవరైనా అట్లాంటి షెడ్డులోకి తొంగిచూస్తే వనపర్తి షెడ్డే గుర్తొస్తుంది. అవే గట్టిపడిన సీళ్లు, జిగురు పట్టిన కార్బురేటర్, అరిగిన పాయింట్లు. తేడా ఒక్కటి, గాలి. చల్లని గాలి చిక్కగా ఉంటుంది. మైనస్ 20 డిగ్రీల గాలి, గద్వాల మే నెల 44 డిగ్రీల గాలి కన్నా దాదాపు పావు వంతు ఎక్కువ బరువు తూగుతుంది. అక్కడ మెకానిక్ పెద్ద జెట్ వెయ్యకపోతే పిస్టన్ కాలుతుంది. ఇక్కడ నడి ఎండాకాలం మిశ్రమం చిక్కబడి ప్లగ్గు నల్లబడుతుంది. రెండు చోట్లా మెకానిక్ ఆకాశం చూసి జెట్ ఎంచుకోవాలి.

ఘాట్ దిగేటప్పుడు

బండి సిద్ధమయ్యాక తొలి ప్రయాణాలు చిన్నవిగా ఉండాలి. మేము వనపర్తి నుంచి పెబ్బేరు మీదుగా జూరాల దాకా, తెల్లవారుజామున, మధ్యలో రెండుచోట్ల ఆగి, ఇంజన్ చల్లారనిచ్చి పోయాము. కొత్త పిస్టన్, కొత్త రింగులు సిలిండర్‌తో కలిసిపోయేదాకా థ్రాటిల్ సగం దాటించకూడదు. పెట్రోలు లీటరుకు 40 మిల్లీలీటర్ల టూ-టీ ఆయిల్ కలిపాము. బండిని బట్టి ఈ కొలత మారుతుంది. ఈ ఇంజన్‌కు వేరే ఆయిల్ సంపు లేదు. పెట్రోలుతో వచ్చే ఆ ఆయిలే క్రాంక్‌నూ పిస్టన్‌నూ తడుపుతుంది.

ఈ ఒక్క సంగతి మరిచిపోతే నల్లమలలో చిక్కు. నాగర్‌కర్నూల్ జిల్లాలో మన్ననూరు దాటి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా ఈగలపెంట దాకా పోయి, అక్కణ్నుంచి శ్రీశైలం డ్యామ్ వైపు దిగే ఘాట్ రోడ్డు చాలా పొడుగు. కారు అయినా, ఫోర్-స్ట్రోక్ బండి అయినా గేరులో ఉంచి, థ్రాటిల్ మూసి దిగడమే మంచి పద్ధతి. పాత టూ-స్ట్రోక్‌లో థ్రాటిల్ మూస్తే పెట్రోలు దాదాపు ఆగుతుంది, పెట్రోలుతో వచ్చే ఆయిలూ ఆగుతుంది. ఇంజన్ మాత్రం చక్రాల తోపుకు గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. అట్లా ఐదు నిమిషాలు దిగితే పిస్టన్ పొడిగా రాపిడై పట్టేయొచ్చు. కొద్దికొద్దిసేపటికి క్లచ్ పట్టి, థ్రాటిల్ ఒకసారి తిప్పి, ఇంజన్‌కు ఒక గుక్క తాగించాలి. అందుకు బ్రేకులు గట్టిగా ఉండాలి, కాబట్టి ఇంజన్ కంటే ముందు బ్రేకు లైనర్లు మార్చుకోవాలి. అడవిలో నెమ్మదిగా, సద్దు తక్కువగా పోవడం అక్కడి జీవాల పట్ల మన మర్యాద.

పొగ సంగతి

ఈ బండ్ల మీద ఎంత ప్రేమ ఉన్నా ఒక నిజం చెప్పితీరాలి. కొత్త మిశ్రమం లోపలికి వచ్చేటప్పుడు ఎగ్జాస్ట్ కిటికీ తెరిచే ఉంటుంది. అందుకే పాత టూ-స్ట్రోక్‌లో పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెట్రోలు మండకుండానే బయటికి పోతుంది, దానితో కాలిన ఆయిల్ పొగ కలుస్తుంది. మన దేశంలో 1996, 2000, 2005 సంవత్సరాల్లో పొగ నిబంధనలు అంచెలంచెలుగా బిగిసి ఈ ఇంజన్లను బజారు నుంచి పంపేశాయి. అది సరైన నిర్ణయమే. రోజూ ఆఫీసుకు ఈ బండి మీద పోవడం మన ఊపిరితిత్తులకు మంచిది కాదు.

చట్టం కూడా ఇదే దారి చూపిస్తుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లొచ్చు గానీ రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. అంతకంటే చిన్న వయసు బండ్లకు మామూలు ఆర్‌సీ రెన్యువల్, పొల్యూషన్ సర్టిఫికెట్ తప్పవు. నెలకోసారి ఒక తెల్లవారుజాము, జూలై రెండో ఆదివారం జావా-యెజ్డీ దినం నాడు ఒక ఊరేగింపు. పాత బండికి అంత చాలు.

బండిని కాపాడాలన్నప్పుడు అందరి దృష్టి ఇనుము మీదికే పోతుంది. ఇనుము ఈ పొడి నేలలో ఇంకో ముప్పై ఏళ్లు ఉండగలదు. ఉస్తాద్‌లు ఉండలేరు. కిక్కు కొట్టినప్పుడు వచ్చే సద్దును బట్టి ఏ సీలు పోయిందో చెప్పే చెవి, శుభలేఖ ముక్క జారే తీరులో 0.4 మిల్లీమీటర్లు పోల్చే వేలు ఏ దుకాణంలోనూ దొరకవు. వనపర్తి రాజుల మహల్‌లో నడుస్తున్న పాలిటెక్నిక్‌లో, మన మూడు జిల్లాల ఐటీఐల్లో చదివే పిల్లలు వారానికోసారి ఇట్లాంటి ఒక షెడ్డులో కూర్చుని, అక్కడి ఉస్తాద్ చేతి కొలతల్ని అంకెల్లోకి రాసుకుంటే ఎంత బాగుంటుంది! వాళ్లకు పాయింట్ల వెనక ఫారడే కనబడతాడు, ఆయనకు తన వేళ్ల వెనక ఉన్న లెక్క కనబడుతుంది.

మైక్రోమీటర్ అంకె చెప్పినప్పుడు ఉస్తాద్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ముక్కను నా చేతిలోంచి తీసుకుని, షెడ్డులో పనిచేసే పద్నాలుగేళ్ల మనవణ్ని పిలిచాడు. "దీని మీద ఆ లెక్క రాయి. నేను లేనప్పుడు నీకు పనికొస్తది" అన్నాడు. పిల్లవాడు మాసిపోయిన పెళ్లి అక్షరాల మీద, బాల్‌పెన్నుతో గట్టిగా ఒత్తి, 0.4 అని రాశాడు.